బావికి నీళ్ళు పోసిన ఏడాది

మా అమ్మ తమ్ముడికే నన్నిచ్చి పెళ్ళి చేశారు. అందుకని నా మొగుణ్ణి మామా అని, అత్తగారిని అవ్వా అని పిలిచేదాన్ని. పుత్తూరు నుంచి నాగలాపురం వైపు పోయే బండిబాటలో, కొండల కింద మా ఊరు. ఊరికి పడమట మాకు మూడెకరాల చేను, చేను మధ్యలో ఎనిమిది నిలువుల లోతు బావి ఉండేవి. ఎద్దులను కట్టి తోలుబానతో నీళ్ళు లాగే కపిలబావి అది.

పెళ్ళయిన ఏడాదికే మామ పటాలంలో చేరి పోయాడు. తుపాకి పట్టే పని కాదు ఆయనది. ఎడారి దేశాల్లో దండు దిగిన చోటల్లా బావులు తవ్వే గుంపులో గడ్డపార పట్టాడు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చాడు. కుడిచెవి వినపడకుండా పోయింది. మనిషి సగమయ్యాడు. వచ్చిన రోజు ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా చేనికి పోయి బావిలోకి వంగి చూశాడు.

అడుగున గడపంత లోతు నీళ్ళున్నాయి. అంతే.

"ఎన్నాళ్ళయింది ఇట్లయి?" అని అడిగాడు.

"రెండేండ్లుగా వానల్లేవప్పా. పొద్దున్నే ఇరవై కడవలు వస్తాయి. దాంతో మనం తాగాల, ఎద్దులు తాగాల" అనింది అవ్వ.

ఆ ఏడాది కూడా వానలు మొహం చాటేశాయి. మడి బీడుపడింది. రాగులు గాదె అడుగుకొచ్చాయి. గడ్డి లేక ఇంటి కప్పు మీది బోద పీకి ఎద్దులకు వేశాం. పడుకుంటే కప్పులోంచి ఆకాశం కనపడేది. మబ్బు జాడ ఉండేది కాదు. ఊళ్ళో ఒక్కో ఇంటి తలుపుకూ తడికె కట్టేసి జనం చెన్నపట్నం దారి పట్టారు. పోయినవాళ్ళు పోగా, ఉన్నవాళ్ళు ఒకరి బావివైపు ఇంకొకరు అదోరకంగా చూడటం మొదలుపెట్టారు.

ఒకరోజు సంగటి ముద్ద ముందు పెట్టుకుని మామ అన్నాడు.

"తోడితే తగ్గుతాయి కదా నీళ్ళు, పోస్తే యాల పెరగవు?"

అవ్వ నా మొహం చూసింది. మొగుడికి ఎండ దెబ్బ తగిలిందేమోనని నాకు భయమేసింది.

"నిజంగానే చెప్తాండా. ఆ దేశంలో ఒక దొర ఉన్నాడు. వాన కురిస్తే నీళ్ళు పారిపోనిచ్చేవాడు కాదు. కాలువ తీయించి బావుల్లోకి మళ్ళించేవాడు. భూమి తాగి దాచి పెట్టుకుంటుంది, ఎండల్లో మళ్ళీ ఇస్తుంది అనేవాడు. కొండ మీంచి దిగే మన వాగు, ఆ వంకనే సూడు. ఏడాదికి నాలుగుసార్లు పారతాది. పూటలో అయిపోతాది. ఆ నీళ్ళన్నీ యాడికి పోతాండాయి? ఏట్లో కలిసి, పులికాట్ ఉప్పునీళ్ళలో పడతాండాయి. మన చేని పక్కనే పోతాండాయి కదా!"

"ఆ దొరకు నీళ్ళు దొరికినాయా?" అని అడిగాను.

మామ సంగటి ముద్ద తుంచి మళ్ళీ పళ్ళెంలోనే పెట్టాడు. "మమ్మల్ని ఇంకో చోటికి తరలించినారు. తర్వాత ఏమైందో నాకు తెలీదు" అన్నాడు.

తెలియని దాన్నే పట్టుకుని మేం పనిలో దిగాం. ఇంకేం చెయ్యాలో తోచక దిగాం. వంక గట్టు నుంచి బావి దాకా నడుములోతు కాలువ. నేల రాయిలా ఉండేది. నేను గంపలతో మన్ను ఎత్తిపోసేదాన్ని. దారిన పోయేవాళ్ళు నిలబడి నవ్వేవాళ్ళు. బావిలోంచి నీళ్ళు తోడేవాళ్ళను చూశాం గానీ బావికి నీళ్ళు పోసేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నామని ఒకాయన అన్నాడు. మామకు వినపడని చెవి బాటవైపు ఉండేది గనక సరిపోయింది. నాకు వినపడేది.

ఎండాకాలం చివర ఒక సాయంత్రం కొండ మీద ఉరిమింది. మా చేనిలో చినుకు పడలేదు గానీ, పైన కురిసిన వానకు వంక ఎర్రగా పొంగుతూ వచ్చింది. మామ కాలువ మూతి తెంచాడు. నీళ్ళు బుసకొడుతూ వచ్చి బావిలోకి దూకాయి. ఆ చప్పుడుకు ఊరంతా వచ్చింది. పొద్దు గుంకేలోపల బావి అంచుదాకా నిండింది. అవ్వ ఒడ్డున కూర్చుని చేత్తో నీళ్ళు కదిపి చూసింది. నవ్వినవాళ్ళే వచ్చి మామ భుజం తట్టారు. మామ నా వైపు చూశాడు. పెళ్ళయ్యాక ఆయన మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఆ వెలుగు నెల రోజులే.

నీళ్ళు తేటబడ్డాయి. కపిల కట్టి మడి తడిపి రాగినారు పోశాం. మేం తోడినంతా తోడాం, మిగిలింది ఇంకింది. ఇంకితే మంచిదే, భూమి దాచి పెట్టుకుంటుంది అనుకున్నాం. నేను బడిలో ఐదు దాకా చదివాను గనక, తాడుకు జానకొక ముడివేసి చివర రాయి కట్టి, రోజూ బావిలోకి దించి ఎన్ని ముళ్ళు తడిశాయో పలక మీద రాసేదాన్ని. రోజురోజుకీ ముళ్ళు తగ్గుతూ వచ్చాయి. చివరికి ఒక పొద్దున రాయి బురదలో దిగబడింది. తాడు తడవలేదు.

ఇదివరకు ఎంత కరువైనా తెల్లారేసరికి ఇరవై కడవలు ఊరేవి. ఆ రోజు కడవ కూడా ఊరలేదు. మర్నాడూ అంతే. వంక తెచ్చిన ఎర్ర ఒండ్రు అంతా అడుగున చేరి, రాతి సందుల్లో ఉన్న సన్నని ఊటలను సున్నం పూసినట్టు మూసేసింది.

అవ్వ బావి ఒడ్డున నిలబడి చాలాసేపు లోపలికి చూసింది. తర్వాత మామతో, "ఉన్న ఒక్క కన్నునూ పొడిసినావు కదరా నాయనా" అనింది. కేకలు వేసి ఉంటే బాగుండేది. అంత నెమ్మదిగా అనింది.

మామ పార తీసుకుని బావిలోకి దిగాడు. ఒండ్రు గీకి ఊటలు తెరిస్తే పాత నీళ్ళన్నా వస్తాయని ఆశ. నాలుగు రోజులు గీకాడు. పైన నేనూ, పల్లె నుంచి కూలికి వచ్చే ఒక ఆడమనిషీ తాడు లాగి బురద గంపలు పారబోసేవాళ్ళం. ఆమె నాకంటే పదేళ్ళు పెద్దది. మా చేని దిగువన, ఒక బండరాతి గుట్ట అవతల, ఊరికి ఎడంగా ఉంచిన వాళ్ళ పల్లె. అందరూ ఏసుదేవుణ్ణి నమ్మినవాళ్ళు. ఆమె పని చేస్తూ లోలోపల ఏదో పాట పాడుకునేది.

అయిదో రోజు మామ పైకెక్కుతున్నాడు. బావి గోడలోంచి పొడుచుకొచ్చిన రాతిమెట్లకు బురద అంటుకుని ఉంది. కాలు జారింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. అరుపు లేదు. కట్టెపుల్ల విరిచినట్టు ఒక చిన్న చప్పుడు, అంతే.

నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆమే పరుగెత్తి పల్లెలోంచి ఇద్దరు మగవాళ్ళను పిలుచుకొచ్చింది. మామను కపిలబానలో కూర్చోబెట్టి ఎద్దులతో పైకి లాగారు. ఎడమ తొడ ఉండాల్సిన తీరులో లేదు.

బండిలో పుత్తూరు తీసుకుపోయాం. ఎముకలు కట్టే ఆయన తొడ పట్టుకుని చూసి, ఒక్క లాగు లాగి, ఆకుపసరు పూసి, వెదురుబద్దలు వేసి కట్టాడు. మామ పళ్ళ మధ్య గుడ్డ కుక్కుకున్నాడు. వారానికొక కట్టు మార్చాలని, నేల మీద కాలు మోపకూడదని ఆయన చెప్పాడు. ఆ కట్టు కోసం పుత్తూరులో ఉన్న రోజుల్లోనే దేశానికి స్వతంత్రం వచ్చింది. బజారులో జెండాలు కట్టారు. ఎవరో వచ్చి మంచంలో ఉన్నవాళ్ళందరికీ తలా ఒక బెల్లపుండ పంచారు. మామ దాన్ని చేతిలో పట్టుకుని గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఉండను నేను మూటగట్టి అవ్వకోసం తీసుకొచ్చాను.

ఇంటికొచ్చేసరికి రాగిపైరు నిలువునా ఎండిపోయి ఉంది. అవ్వ దాన్ని కోసి ఎద్దులకు వేసేసింది. తాగేందుకు వంక ఇసుకలో చెలమ తవ్వుకుని, చిప్పతో గీరి గీరి కడవ నింపుకొచ్చేవాళ్ళం. ఒక కడవకు జాముసేపు పట్టేది.

"అమ్మేసి పోదాం. చెన్నపట్నంలో నువ్వు ఏదన్నా పనిచేస్తావు. కుంటోణ్ణి నన్ను కూర్చోబెట్టి సాకుతావు" అన్నాడు మామ.

"ఎండిపోయిన బాయిని ఎవరు కొంటారు మామా?"

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించాలని అనలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు చిల్లుల్లోంచి ఎండను చూస్తూ రోజులు గడిపేవాడు. తిండి పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఆయన పడుకున్న మంచం తాళ్ళు ఒకరోజు విప్పి ఉండటం చూసి, ఎందుకని గట్టిగా అడిగాను. వదులైతే బిగిద్దామని విప్పానన్నాడు. నేను నమ్మలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ, కపిలమోకు తప్ప, అవ్వా నేనూ దాచేశాం.

ఆయనకు ఆలోచించడానికి ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే మనిషి దక్కడనిపించింది. అందుకే, నిజం చెప్పాలంటే నీళ్ళ మీద ఆశతో కాదు, అడిగాను.

"మామా, ఒండ్రు కదా మనల్ని ముంచింది. నీళ్ళను వడగట్టి పోస్తే?"

ఆయన నా వైపు తిరిగాడు. "బాయిలో పోయకూడదు. బాయికి పైన, ఎగువ చేనులో గుంత తీయాల. అడుగున బండలు, వాటి మీద గులకరాళ్ళు, పైన ఇసక. వంకనీళ్ళు ఇసకలో దిగితే మట్టి పైనే నిలిచిపోతాది. తేట నీళ్ళు భూమిలో దిగి, తమ దారిన తాము బాయికి వస్తాయి" అన్నాడు. వేలితో మంచంపట్టె మీద గీసి చూపించాడు. అలా మాట్లాడి రెండు నెలలైంది.

గుంత తవ్వింది నేనూ, ఆ పల్లె ఆమే. కూలి ఇవ్వలేమని ముందే చెప్పాను. "పని యాడ ఉండాదమ్మా ఇప్పుడు? ఊరికే కూసుంటే ఆకలెక్కువైతాది" అని పార పట్టింది. బావికి ఎగువన, ఎద్దులబండికి రెండింతలు పొడుగూ వెడల్పూ, నా తల మునిగే లోతు. నలభై రోజులు పట్టింది. మధ్యాహ్నం పూట కళ్ళు తిరిగితే ఇద్దరం గుంతలోనే గోడకానుకుని కూర్చునేవాళ్ళం. ఆమె తెచ్చుకున్న గంజి ఆమె తాగేది, నా సంగటి నేను తినేదాన్ని. గుంత లోపల ఇద్దరి మధ్య మూరెడు దూరమే ఉండేది గానీ ముంతలు మాత్రం ఎడంగానే పెట్టుకునేవాళ్ళం. కొండలోంచి రాళ్ళు, వంకలోంచి గులక, ఇసుక తలమీద మోశాం. నా నెత్తిమీద వెంట్రుకలు రాలిపోయి రూపాయి బిళ్ళంత మచ్చ పడింది. ఆరోజుల్లో నేను మూడో నెల కడుపుతో ఉన్నాను. మామ పుత్తూరు పోకముందటిది. ఆ రాళ్ళ మోతల్లోనే అది పోయింది. అవ్వకు మాత్రమే తెలుసు. మామకు చెప్పొద్దని నేనే చెప్పాను.

దీపావళి దాటాక వంక మొదటిసారి పారింది. గుంత నీళ్ళు తాగింది. ఎంత వదిలితే అంత తాగింది. నేను పరుగున పోయి బావిలోకి తాడు దించాను. మార్పేమీ లేదు. మర్నాడు, ఆ మర్నాడు, వారం రోజులు. అడుగున, మామ ఒండ్రు గీకిన చోట ఊరే కుంచెడు నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. ఒక్క ముడి కూడా పెరగలేదు.

పదిహేను రోజులకు రెండోసారి పారింది. గుంత మళ్ళీ తాగింది. పలక మీద మళ్ళీ అదే అంకె రాశాను.

"నువ్వు సరిగా కొలస్తాండావా?" అని మామ గద్దించాడు.

"నువ్వే వచ్చి కొలువు!" అన్నాను. అన్నాక, కదల్లేని మనిషితో ఆ మాట అన్నందుకు వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఆయనకు కోపం రాలేదు. పలక తెప్పించుకుని అంకెలు మొదటి నుంచి చదివాడు. "అన్ని నీళ్ళు గాల్లో కలవవు. ఏదో ఒక దారిలో పోతాండాయి. ఆ దారి యాడికి పోతాందో కనుక్కోవాల. ఉప్పు తీసుకురా" అన్నాడు.

పులికాట్ వైపు నుంచి ఉప్పుబండ్లు మా బాటనే పోయేవి. అవ్వ తన కాలి వెండి కడియం ఇచ్చి రెండు గోతాల కల్లుప్పు తీసుకుంది. మూడోసారి వంక పారినప్పుడు ఉప్పంతా గుంతలో కుమ్మరించాను. ఇక రోజూ బావి అడుగునుంచి ముంతెడు తీసి నాలుక మీద వేసుకుని చూడటం నా పని. నేను చూశాక మామ చూసేవాడు. ఆయన కళ్ళు మూసుకుని నాలుక చప్పరించి, మళ్ళీ మళ్ళీ చప్పరించి, ముంత కింద పెట్టేవాడు. చప్పగా ఉండేవి.

పన్నెండో రోజో పదమూడో రోజో, ఆమె పనికి కాకుండా ఊరికే వచ్చింది. ఎప్పుడూ వాకిట్లో కూర్చునే మనిషి ఆ రోజు బయట చింతమొద్దు దగ్గరే నిలబడింది.

"ఏమ్మే, యాల ఆడ్నే నిలబడితివి?" అన్నాను.

"అమ్మా... మా బాయి నీళ్ళు ఉప్పగా ఉండాయి" అనింది.

ఆమె ఏమంటుందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, నేను గుంతలో కుమ్మరించిన ఉప్పే అది.

"ఎన్ని నీళ్ళుండాయి మీ బాయిలో?"

ఆమె తల వంచుకుంది. "రెండు నిలువులు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి వానకే పెరిగినాయి. రెండో వానకు ఇంకా పెరిగినాయి."

"తెలిసీ చెప్పకుండా నాతో రాళ్ళు మోసినావా? నేను రోజూ తాడు దించి ఏడుస్తా ఉంటే పక్కనే నిలబడి సూసినావా?"

"సెప్పద్దన్నారమ్మా మావోళ్ళు. సెప్తే గుంత పూడ్చేస్తారు, లేదంటే బాయి మాదే అంటారు అన్నారు. మా బాయిలో నీళ్ళు సూసి మూడేండ్లయింది. నా బిడ్డలు..." అని ఆగిపోయింది. తర్వాత, "ఉప్పు కలిసినాక ఇంక నా నోటికి అన్నం పోలేదు. అందుకే వచ్చినాను" అనింది.

నేను తలుపు వేసుకున్నాను.

బండరాతి గుట్ట భూమి లోపల గుంతకూ మా బావికీ మధ్య గోడలా దిగి ఉందని, గుంతలో దిగిన నీళ్ళు ఆ గోడ అంచునే జారి అవతలికి పోతున్నాయని మామ మంచం మీదే కూర్చుని తేల్చాడు. తప్పు గుంతది కాదు, గుంత పెట్టిన చోటుది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక రకమైన సంతోషం వినపడి నాకు ఒళ్ళు మండింది.

"పూడ్చేస్తా. రేపే పూడ్చేస్తా" అన్నాను.

"పూడిస్తే మన బాయికి వస్తాయా?"

"రావు. వాళ్ళకూ రావు."

మామ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. నేను పార తీసుకుని గుంత దాకా పోయాను కూడా. అంచున కూర్చున్నాను. ఆ నలభై రోజులు, పోయిన బిడ్డ, అవ్వ కడియం, అన్నీ ఆ ఇసుక కింద ఉన్నట్టనిపించింది. ఒక్క పార మన్నయినా వెయ్యలేక తిరిగొచ్చాను. అది దయ కాదు. ఒంట్లో సత్తువ లేదు, అంతే.

శివరాత్రి నాటికి వంకలో చెలమలు కూడా ఎండాయి. చిన్నెద్దు ఒక పొద్దున లేవలేదు. అవ్వ దాని పక్కన కూర్చుని మెడ నిమురుతూ ఉండిపోయింది. ఇక ఊళ్ళో నీళ్ళున్నది పెద్దరైతు బావిలోనే. ఇంటికి రెండు కడవలు, అదీ ఆయన మనిషి నిలబడి తోడిపోస్తేనే. మా ఇంట్లో మంచంపట్టిన మనిషి, ముసలామె, నేను, మిగిలిన ఎద్దు. రెండు కడవలు ఎద్దుకే చాలవు.

అప్పుడు పల్లె పెద్ద వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి. వాకిలి బయటే నిలబడి మామను కేకేశాడు.

"అబ్బా, మా బాయిలో నీళ్ళుండాయి. మీ గుంత పుణ్యమే అవి. వచ్చి తోడుకోండి. మేం అడ్డం సెప్పం."

లోపలి నుంచి అవ్వ, "మేం ఆడికి వచ్చి తోడుకునేదా?" అనింది.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మామ నాలుక అంగిలికి అంటుకుని మాట తడబడింది. నేను కడవ చంకన పెట్టుకుని గుట్ట దాటాను. పల్లె బావి దగ్గర అయిదారుగురు ఆడవాళ్ళున్నారు. నన్ను చూసి అందరూ పక్కకు జరిగారు. నేను అలవాటు చొప్పున దూరంగా కడవ పెట్టి నిలబడ్డాను. అలా నిలబడ్డాక తెలిసింది, మా ఊరి బావుల దగ్గర వాళ్ళు నిలబడేది ఇట్లాగేనని. ఎవరికైనా దయ పుట్టి పోస్తే తీసుకునేవాళ్ళు. నేనూ పోశాను ఎన్నోసార్లు, ఎక్కడ తగులుతుందోనని ఎత్తునుంచి, సగం నేలపాలయ్యేట్టు. అప్పుడు అది నాకు తప్పుగా కనిపించలేదు.

నాతో గుంత తవ్విన ఆమె ముందుకొచ్చింది. తను తోడి నా కడవలో పోస్తుందనుకున్నాను. చేద తెచ్చి నా చేతికిచ్చింది.

"నీ చేత్తో నువ్వే తోడుకో" అనింది.

కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు. నేను తోడుకున్నాను. అంత తేటనీళ్ళు చూసి ఎన్నాళ్ళో అయింది. అక్కడే దోసిలి పట్టి తాగాను. కొంచెం ఉప్పగానే ఉన్నాయి. తాగుతూ ఏడ్చాను. ఎవరూ నన్ను ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పని వాళ్ళకు లేదు కూడా.

ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసింది. చాకలి రావడం మానేశాడు. పక్కింటివాళ్ళు నిప్పు ఇవ్వలేదు. మామ, ఎద్దు, నేను ఆ నీళ్ళే తాగాం. అవ్వ మాత్రం ముట్టలేదు. తన కడవ తను తీసుకుని పెద్దరైతు బావికి పోయింది. అరవై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్న మనిషి. ఆమె కడవను వరసలోంచి కాలితో పక్కకు నెట్టారట. మీ కోడలు పల్లె నీళ్ళు తెచ్చింది, మీ కడవ మా తాడుకు తగలకూడదు అన్నారట.

అవ్వ ఖాళీ కడవతో వచ్చి అరుగుమీద కూర్చుంది. ఆ రోజూ మర్నాడూ ఏమీ తాగలేదు. ఎంత బతిమాలినా పెదవి విప్పలేదు. మామ మంచం దిగి, కట్టు ఉన్న కాలును ఈడ్చుకుంటూ పాక్కుని వచ్చి ఆమె కాళ్ళ మీద తల పెట్టాడు.

"అమ్మా, నన్ను సంపాలంటే ఇట్ల సంపద్దు" అన్నాడు.

అవ్వ కొడుకు తలమీద చెయ్యి వేసింది. చాలాసేపటికి నావైపు చూసి చెయ్యి చాపింది. నేను ముంత ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, ఆగి, మిగిలినవి తాగింది.

"మీరన్నంత ఉప్పు లేదే" అనింది.

ఆ ఎండాకాలం ఆ నీళ్ళతోనే బతికాం. పెద్దెద్దును అవ్వ చెల్లెలి ఊరికి తోలేశాం. అక్కడ గడ్డి దొరికింది. మామకు కాలు అతుక్కుంది గానీ రెండు వేళ్ళ మందం పొట్టిదయింది. వానలు మొదలయ్యేలోపల ఆయన కర్రపట్టుకుని చేనంతా తిరిగి, భూమిలోని ఆ రాతిగోడకు ఈవలివైపు, బావికి దగ్గరగా రెండో గుంతకు చోటు గీశాడు. అది తవ్వేందుకు పల్లె నుంచి ఆరుగురు వచ్చారు. పిలవడానికి నేనే పోయాను. అప్పటికి ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను. మొదటిసారి పిలిచినప్పుడు ఆమె వెనక్కి తిరిగి, ఇంకెవరినో అనుకుంది.

ఆ ఏడు వంక రెండుసార్లే పారింది. మా బావిలో నాలుగు ముళ్ళు తడిశాయి. నాలుగు ముళ్ళంటే నాలుగు జానలు. కపిల కట్టేంత నీళ్ళు కావవి, తాగేందుకు సరిపోయాయి. మామ పలక మీద ఆ అంకె తనే రాసుకుని, రెండు మూడు రోజులు ఎవరినీ తుడవనివ్వలేదు. మడి మాత్రం బీడుగానే ఉంది. ఆ చేనిలో మళ్ళీ రాగి కోసింది ఇంకా రెండేళ్ళ తర్వాత, అది కూడా దేవుడు వాన కురిపిస్తేనే. అప్పటికి అవ్వ లేదు.

ఊరు మమ్మల్ని కలుపుకోవడానికి చాలా కాలం పట్టింది. కలుపుకున్నారో, మరిచిపోయారో చెప్పలేను. ఏటా వానలకు ముందు రెండు గుంతల్లోనూ పైనున్న ఎర్రమట్టి పొర తీసేయాలి, లేకపోతే ఇసుక నీళ్ళు తాగదు. ఆ పనికి మా ఇంటి నుంచి మేం, పల్లె నుంచి వాళ్ళు వచ్చేవాళ్ళం. పై గుంత వాళ్ళది, కింది గుంత మాది అని ఎవరూ అనలేదు. ఒక పూటలో రెండూ అయిపోయేవి.